నిన్నటి సంగతి ఇంగ్లీషులో చెప్పడం ఎలా? – సింపుల్ పాస్ట్ టెన్స్



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇవ్వమని వార్డెన్ గారు కబురు పంపారు. కథలు, కవితలు రాయడం నాకు చేతకాదు. నేను పిల్లలకు ఇంగ్లీషు చెప్పుకునే మాస్టర్ని. అంతకుముందు మీలాగే ఈ హాస్టల్లో ట్రంకుపెట్టె మీద పుస్తకం పెట్టుకొని చదువుకున్నవాణ్ని. కాబట్టి నాకు తెలిసిన ఒక పాఠమే రాస్తున్నాను. ఇది పరీక్షలో రెండు మార్కుల కోసం చెప్పే పాఠం కాదు. ఎందుకో ముందు చెబుతాను.

నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో మా నాన్న పొలంలో కళ్లు తిరిగి పడిపోయాడు. ఊళ్లో వాళ్లు పట్నంలోని ఒక పెద్దాసుపత్రికి తీసుకొచ్చారు. నేను హాస్టల్ నుంచి పరుగున వెళ్లాను. అక్కడ డ్యూటీలో ఉన్న డాక్టరు గారు వేరే రాష్ట్రం ఆయన, తెలుగు రాదు. మా వాళ్లంతా నన్ను ముందుకు తోశారు. 'మావాడు కాలేజీ చదువుతున్నాడు సార్, వీణ్ని అడగండి' అన్నారు.

డాక్టరు గారు అడిగారు: 'డిడ్ హి టేక్ ది బీపీ టాబ్లెట్ దిస్ మార్నింగ్?' పొద్దున బీపీ మాత్ర వేసుకున్నాడా అని. నాన్న ఆ రోజు మాత్ర వేసుకోలేదు. నాకు ఆ సంగతి అమ్మ చెప్పింది కూడా. కానీ నా నోటి నుంచి వచ్చిన మాట: 'ఎస్ సార్, హి టేక్స్ టాబ్లెట్.' రోజూ వేసుకుంటాడు అని నా ఉద్దేశం. వేసుకున్నాడనే ఆయన రాసుకున్నారు. పక్కనున్న నర్సమ్మ నా ముఖం చూసి, 'ఏం బాబూ, ఇవాళ పొద్దున వేసుకున్నాడా, లేదా?' అని తెలుగులో అడిగింది. 'లేదమ్మా' అన్నాను. ఆమె చెప్పగానే డాక్టరు గారు ఆ కాగితం మీద గీత కొట్టి మళ్లీ రాశారు.

నాన్నకు తగ్గింది. కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 'టేక్, టుక్, టేకెన్' అని పదో తరగతిలో ఎక్కంలాగా వల్లించినవాణ్ని. అవసరం వచ్చిన రోజు ఆ ఎక్కం పనికి రాలేదు. నేను అనాల్సింది మూడే మాటలు: 'నో, హి డిడింట్.' ఆ మూడు మాటలు ఎందుకు రాలేదో అర్థం చేసుకోవడానికి నాకు ఇంకో రెండేళ్లు పట్టింది. మీకు అంతకాలం పట్టకూడదని ఈ వ్యాసం.

1. సింపుల్ పాస్ట్ అంటే ఏమిటి?

జరిగి, అయిపోయిన పనిని చెప్పే కాలం సింపుల్ పాస్ట్ టెన్స్. తెలుగులో మనం 'వెళ్లాను, తిన్నాడు, వచ్చింది' అంటాం. క్రియకు మూడు రూపాలుంటాయని మీరు చదివారు కదా. అందులో రెండో రూపం, అంటే వి-2, ఇక్కడ వాడాలి.

ఐ వెంట్ టు ది మార్కెట్ – నేను బజారుకు వెళ్లాను.
షి ఎయిట్ టు ఇడ్లీస్ – ఆమె రెండు ఇడ్లీలు తిన్నది.
దే కేమ్ ఎస్టర్‌డే – వాళ్లు నిన్న వచ్చారు.

ఇక్కడ మనకొక సుఖం ఉంది. తెలుగులో కర్త మారితే క్రియ చివర మారుతుంది. వచ్చాను, వచ్చావు, వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి – ఇన్ని రూపాలు. ఇంగ్లీషులో ఐ కేమ్, యూ కేమ్, హి కేమ్, షి కేమ్, దే కేమ్. అన్నిటికీ 'కేమ్' ఒక్కటే. వర్తమాన కాలంలో హి, షి, ఇట్ దగ్గర 'ఎస్' పెట్టామా లేదా అని భయపడతాం. భూతకాలంలో ఆ భయమే లేదు. నిజానికి ఇంగ్లీషులో మనవాళ్లకు తేలిగ్గా రావలసిన కాలం ఇదే.

2. 'ఇ-డి' చేర్చడం ఎలా?

ఎక్కువ క్రియలకు చివర 'ఇ-డి' చేర్చితే రెండో రూపం వస్తుంది. వీటిని రెగ్యులర్ వెర్బ్స్ అంటారు. రాసేటప్పుడు నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి: మామూలుగా 'ఇ-డి' చేర్చాలి. ప్లే – ప్లేడ్, హెల్ప్ – హెల్ప్‌డ్, క్లీన్ – క్లీన్డ్.

రెండు: స్పెల్లింగులో చివర ముందే 'ఇ' ఉంటే 'డి' ఒక్కటి చాలు. లివ్, క్లోజ్, డాన్స్ అన్నవి రాస్తే చివర 'ఇ' ఉంటుంది. వీటికి 'డి' చేర్చండి.

మూడు: చివర 'వై' ఉండి, దాని ముందు హల్లు ఉంటే 'వై' పోయి 'ఐ-ఇ-డి' వస్తుంది. స్టడీ, క్రై, క్యారీ అన్నవి ఇలా మారతాయి. 'వై' ముందు అచ్చు ఉంటే 'వై' అలాగే ఉంటుంది. ప్లే, ఎంజాయ్, స్టే అన్నవి ఇలాంటివి.

నాలుగు: స్టాప్, ప్లాన్, డ్రాప్ లాంటి చిన్న మాటల్లో చివర ఒక అచ్చు, ఒక హల్లు ఉంటాయి. అప్పుడు చివరి హల్లును రెండుసార్లు రాయాలి. స్టాప్‌డ్ అని రాసేటప్పుడు రెండు 'పి'లు, ప్లాన్డ్ అని రాసేటప్పుడు రెండు 'ఎన్'లు. చివర 'డబ్ల్యు', 'ఎక్స్', 'వై' ఉంటే మాత్రం రెండుసార్లు రాయరు. పెద్ద మాటల్లో ఊనిక ఎక్కడుందో చూడాలి. ప్రిఫర్‌లో ఊనిక చివర పడుతుంది కాబట్టి 'ఆర్' రెండుసార్లు వస్తుంది. విజిట్, ఓపెన్ అన్న మాటల్లో ఊనిక మొదట్లోనే పడుతుంది కాబట్టి చివరి అక్షరం రెట్టింపు కాదు.

3. పలకడం – మన పరుషాలు, సరళాలు

చాలామంది 'వాకెడ్', 'ఆస్కెడ్', 'వాషెడ్' అని పలుకుతారు. రాతలో 'ఇ-డి' కనబడుతుంది కాబట్టి అలా అనడం సహజమే. అసలు పలుకుబడి మూడు రకాలు. దీన్ని నేర్చుకోవడానికి మన తెలుగు వ్యాకరణమే పనికొస్తుంది. క, చ, ట, త, ప – పరుషాలు. గ, జ, డ, ద, బ – సరళాలు. తెలుగు మాస్టారు సంధుల పాఠంలో చెప్పారు కదా! ఇప్పుడు చూడండి.

క్రియ చివర క్, చ్, ప్ లాంటి పరుష ధ్వని పలికితే, 'ఇ-డి' కూడా పరుషమై 'ట్' అని పలుకుతుంది. ఫ్, స్, ష్ ధ్వనులు కూడా వీటితో చేరతాయి. వాక్ట్, వాచ్ట్, హెల్ప్ట్, లాఫ్ట్, డాన్స్ట్, వాష్ట్.

చివర గ్, జ్, బ్, వ్, ల్, మ్, న్ లాంటి ధ్వని గాని, అచ్చు గాని పలికితే 'డ్' అని పలుకుతుంది. బెగ్డ్, క్లోజ్డ్, లివ్డ్, కాల్డ్, క్లీన్డ్, ప్లేడ్.

చివర ట్ గాని, డ్ గాని ఉంటే మాత్రమే 'ఇడ్' అని విడిగా పలుకుతుంది. వాంటిడ్, వెయిటిడ్, నీడిడ్, ఎండిడ్. ఎందుకంటే ట్ పక్కన ట్, డ్ పక్కన డ్ పెడితే నోరు తిరగదు.

పరుషం పక్కన పరుషం, సరళం పక్కన సరళం. ఇంతే సూత్రం. 'పాస్' అనే క్రియకు 'ఇ-డి' చేర్చితే పలుకుబడిలో 'పాస్ట్' అవుతుంది. పాస్ట్ టెన్స్‌లోని 'పాస్ట్' కూడా అచ్చం అలాగే పలుకుతుంది, స్పెల్లింగు మాత్రమే వేరు.

4. 'ఇ-డి' ఒప్పుకోని మొండి క్రియలు

గో – వెంట్, సీ – సా, ఈట్ – ఎయిట్, బ్రింగ్ – బ్రాట్. వీటిని ఇర్రెగ్యులర్ వెర్బ్స్ అంటారు. 'ఈ తిక్క ఏమిటి సార్, అన్నిటికీ ఇ-డి పెడితే సరిపోయేది కదా' అని మా బడిలో ఒక పిల్లవాడు అడిగాడు. నేను వాణ్ని తిరిగి అడిగాను: 'చదివాడు'కు వ్యతిరేకం 'చదవలేదు'. మరి 'వచ్చాడు'కు 'వచ్చలేదు' అనాలి కదా, 'రాలేదు' అని ఎందుకంటున్నావు? 'తెచ్చాడు'కు 'తేలేదు' అని ఎందుకంటున్నావు? వాడు నవ్వేశాడు. తల్లి ఒడిలో నేర్చిన మాటలో తిక్క కనబడదు. పరాయి మాటలోనే కనబడుతుంది.

రోజూ వాడే మాటలే పాత రూపాన్ని అంటిపెట్టుకొని ఉంటాయి. వెళ్లడం, రావడం, తినడం, చూడడం, ఇవ్వడం లాంటివి వందల ఏళ్లుగా నాలుక మీద ఆడుతున్న మాటలు. తరచూ వినబడతాయి కాబట్టి వాటి పాత రూపం మరుగున పడదు. అరుదుగా వాడే క్రియలు మెల్లగా 'ఇ-డి' దారికి వస్తాయి. 'హెల్ప్' అనే క్రియకు ఒకప్పుడు 'హోల్ప్' అనే భూతకాల రూపం ఉండేది. ఇప్పుడు 'హెల్ప్‌డ్' అయింది. కొత్తగా పుట్టిన క్రియలన్నీ దాదాపుగా 'ఇ-డి'తోనే పుడతాయి. ఇంటర్నెట్‌లో వెతకడాన్ని 'గూగుల్' అనడం మొదలుపెట్టిన వెంటనే దాని భూతకాలం 'గూగుల్డ్' అయింది. ఎవరూ కొత్త తిక్క రూపం కనిపెట్టలేదు.

'గో'కు 'వెంట్' ఎలా వచ్చిందో కూడా తెలుసుకుంటే మరచిపోరు. 'వెండ్' అని వేరే క్రియ ఉంది. సెండ్ – సెంట్, స్పెండ్ – స్పెంట్ లాగే వెండ్ – వెంట్. కాలక్రమంలో 'గో' తన పాత భూతకాల రూపాన్ని వదిలేసి, 'వెండ్' దగ్గరున్న 'వెంట్'ను తెచ్చుకుంది. అరువు తెచ్చుకున్న చొక్కా అన్నమాట!

ఈ మొండి క్రియలను అక్షరక్రమంలో బట్టీ పట్టకండి. గుంపులుగా నేర్చుకోండి.

మారనివి: పుట్, కట్, హిట్, హర్ట్, షట్, లెట్, కాస్ట్. వీటికి మొదటి రూపం, రెండో రూపం ఒకటే. 'రీడ్' కూడా రాతలో మారదు, కానీ భూతకాలంలో 'రెడ్' అని పలకాలి.

'ఆట్' గుంపు: బ్రింగ్ – బ్రాట్, బై – బాట్, థింక్ – థాట్, ఫైట్ – ఫాట్, క్యాచ్ – కాట్, టీచ్ – టాట్.

'ట్' గుంపు: సెండ్ – సెంట్, బిల్డ్ – బిల్ట్, కీప్ – కెప్ట్, స్లీప్ – స్లెప్ట్, ఫీల్ – ఫెల్ట్, లీవ్ – లెఫ్ట్, లూజ్ – లాస్ట్.

ఇకారం పోయి మరో అచ్చు వచ్చే గుంపు: సింగ్ – సాంగ్, డ్రింక్ – డ్రాంక్, స్విమ్ – స్వామ్, రింగ్ – రాంగ్, బిగిన్ – బిగాన్, సిట్ – శాట్. వీటిని 'యా' కలిపి పలికితే ఇంకా సరిగ్గా ఉంటుంది: స్యాంగ్, డ్ర్యాంక్, స్వ్యామ్, ర్యాంగ్, బిగ్యాన్, స్యాట్.

ఓకారం గుంపు: రైట్ – రోట్, స్పీక్ – స్పోక్, బ్రేక్ – బ్రోక్, డ్రైవ్ – డ్రోవ్, వేక్ – వోక్, చూజ్ – చోజ్, టెల్ – టోల్డ్, సెల్ – సోల్డ్.

'ఊ' గుంపు: నో – న్యూ, గ్రో – గ్రూ, త్రో – త్రూ, బ్లో – బ్లూ, ఫ్లై – ఫ్లూ, డ్రా – డ్రూ.

ఒంటరివి: గో – వెంట్, సీ – సా, ఈట్ – ఎయిట్, డూ – డిడ్, హావ్ – హాడ్, సే – సెడ్, మేక్ – మేడ్, టేక్ – టుక్, కమ్ – కేమ్, గివ్ – గేవ్, స్టాండ్ – స్టుడ్.

రోజుకొక గుంపు చొప్పున వారంలో అయిపోతాయి.

5. ఒకే ఒరలో రెండు కత్తులు

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. ఈ వ్యాసంలో మిగిలినదంతా మరచిపోయినా ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి.

మన పిల్లల కాపీల్లో నేను ఎక్కువసార్లు ఎర్ర సిరా పెట్టే వాక్యం: 'ఐ డిడ్ నాట్ వెంట్.' ఇది ఎందుకు తప్పో తెలుగులో చూద్దాం.

వెళ్లాను. దీనికి వ్యతిరేకం ఏమిటి? 'వెళ్లలేదు'. అంతేగాని 'వెళ్లాను లేదు' అని ఎవరైనా అంటామా? పాలు తాగే పసివాడు కూడా అనడు. 'లేదు' వచ్చి చేరగానే 'వెళ్లాను'లోని భూతకాలపు గుర్తు ఊడిపోయి, 'వెళ్ల' అని మాత్రమే మిగులుతుంది. కాలాన్ని మోసే బరువు 'లేదు' తన నెత్తిన పెట్టుకుంటుంది.

ఇంగ్లీషులో 'డిడ్' చేసే పని కూడా అదే. 'డిడ్' అంటేనే భూతకాలం. అది వచ్చిందంటే కాలం బరువంతా అదే మోస్తుంది. అసలు క్రియ తేలికపడి మొదటి రూపానికి వెళ్లిపోతుంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్నట్టు, ఒకే వాక్యంలో 'డిడ్', 'వెంట్' రెండూ ఇమడవు.

వెళ్లాను – ఐ వెంట్. వెళ్లలేదు – ఐ డిడ్ నాట్ గో.
వచ్చాడు – హి కేమ్. రాలేదు – హి డిడ్ నాట్ కమ్.
తెచ్చింది – షి బ్రాట్. తేలేదు – షి డిడ్ నాట్ బ్రింగ్.

మూడో దాన్ని, రెండో దాన్ని మళ్లీ చూడండి. తెలుగులో కూడా 'వచ్చాడు' పోయి 'రా' అనే మూలరూపం బయటికి వచ్చింది. 'తెచ్చింది' పోయి 'తే' వచ్చింది. ఇంగ్లీషులో 'కేమ్' పోయి 'కమ్', 'బ్రాట్' పోయి 'బ్రింగ్' వచ్చాయి. ఇంకొకటి గమనించండి. నేను రాలేదు, నువ్వు రాలేదు, ఆమె రాలేదు, వాళ్లు రాలేదు – ఇక్కడ తెలుగులోనూ కర్త మారినా క్రియ మారలేదు. 'డిడ్ నాట్ కమ్' కూడా అంతే. ఎక్కడో దూరాన పుట్టిన రెండు భాషలు ఈ ఒక్కచోట చేయి చేయి కలిపి నడుస్తున్నాయి. ఈ సంగతి తెలిసిన రోజున నా భయం సగం పోయింది.

ప్రశ్నలో కూడా ఇదే సూత్రం. 'డిడ్' ముందుకు వస్తుంది, క్రియ మొదటి రూపంలో ఉంటుంది.

డిడ్ యూ ఈట్? – తిన్నావా?
వేర్ డిడ్ షి గో? – ఆమె ఎక్కడికి వెళ్లింది?
వై డిడ్ దే కమ్ లేట్? – వాళ్లు ఎందుకు ఆలస్యంగా వచ్చారు?

జవాబు చెప్పేటప్పుడు వాక్యమంతా చెప్పనక్కర్లేదు. 'ఎస్, ఐ డిడ్' గాని, 'నో, ఐ డిడింట్' గాని చాలు. ఎదుటివారు 'డిడ్' అని అడిగితే జవాబులో 'డిడ్' ఉండాలి. ఇదే నాకు ఆ రోజు ఆసుపత్రిలో తెలియలేదు. డాక్టరు గారు 'డిడ్ హి టేక్' అని ఒక్క పొద్దుటి సంగతి అడిగితే, నేను 'హి టేక్స్' అని రోజువారీ అలవాటు చెప్పాను.

ఒక్క మినహాయింపు ఉంది. 'ఎవరు?' అని పని చేసినవాణ్నే అడిగేటప్పుడు 'డిడ్' అక్కర్లేదు. 'హూ బ్రోక్ ది బకెట్?' – బకెట్ ఎవరు పగలగొట్టారు? ఈ ప్రశ్న మన హాస్టల్లో వారానికొకసారైనా వినబడుతుంది కాబట్టి మరచిపోరనుకుంటాను!

6. వాజ్, వర్ సంగతి

'ఉండడం' చెప్పే క్రియకు మాత్రం రెండు భూతకాల రూపాలున్నాయి. ఐ, హి, షి, ఇట్ పక్కన 'వాజ్'. యూ, వి, దే పక్కన 'వర్'. వీటికి 'డిడ్' సాయం అక్కర్లేదు. తమ పని తామే చేసుకుంటాయి.

ఐ వాజ్ ఇన్ ది హాస్టల్ ఎస్టర్‌డే – నిన్న నేను హాస్టల్లో ఉన్నాను.
ఐ వాజ్ నాట్ ఇన్ ది క్లాస్ – నేను క్లాసులో లేను.
వర్ యూ ఆబ్సెంట్? – నువ్వు ఆబ్సెంటా?

ఇక్కడ మనవాళ్లు రెండు తప్పులు చేస్తారు. ఒకటి, 'ఐ వాజ్ వెంట్' అనడం. 'వాజ్', 'వెంట్' రెండూ భూతకాలమే. మళ్లీ ఒకే ఒరలో రెండు కత్తులు. రెండు, 'డిడ్ యూ ఆబ్సెంట్?' అనడం. ఆబ్సెంట్ ఇక్కడ క్రియ కాదు, కాబట్టి 'వర్ యూ ఆబ్సెంట్?' అనాలి. తెలుగులో 'లేదు' అని వినబడిన ప్రతిచోటా 'డిడ్ నాట్' పెట్టకూడదని దీన్ని బట్టి తెలుస్తుంది. పని జరగలేదంటే 'డిడ్ నాట్'. మనిషి గాని వస్తువు గాని ఒకచోట లేదంటే 'వాజ్ నాట్', 'వర్ నాట్'.

7. 'హావ్ కమ్' ఎప్పుడు? 'కేమ్' ఎప్పుడు?

తెలుగులో 'వచ్చాను' అన్న ఒక్క మాటను రెండు చోట్ల వాడతాం. గుమ్మంలో నిలబడి 'అమ్మా, వచ్చాను' అంటాం. 'నిన్న వచ్చాను' అని కూడా అంటాం. ఇంగ్లీషులో ఇవి రెండు. గుమ్మంలో ఉన్నవాడు 'ఐ హావ్ కమ్' అంటాడు. వచ్చిన ఫలితం ఇప్పుడు కళ్ల ముందుంది. నిన్న వచ్చినవాడు 'ఐ కేమ్ ఎస్టర్‌డే' అనాలి. 'ఐ హావ్ కమ్ ఎస్టర్‌డే' తప్పు.

గుర్తు చాలా తేలిక. ఎస్టర్‌డే, లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో, ఇన్ 2005 లాంటి గడిచిపోయిన సమయం పేరు చెప్పారంటే అక్కడ 'హావ్' నిలవదు. వి-2 రావాలి. అలాగే కొందరు గొప్పగా ఉంటుందని 'ఐ హాడ్ గాన్ ఎస్టర్‌డే' అంటారు. గడిచిన ఒక పనికి ముందే మరో పని జరిగిపోయిందని చెప్పాలంటేనే 'హాడ్ గాన్' అవసరం. 'వెన్ ఐ రీచ్ట్ ది స్టాప్, ది బస్ హాడ్ గాన్' – నేను స్టాపుకు చేరేసరికి బస్సు వెళ్లిపోయి ఉంది. మామూలు నిన్నటి సంగతికి 'ఐ వెంట్' చాలు.

8. ఎక్కడెక్కడ వాడతాం?

ఒకసారి జరిగి అయిపోయిన పనికి: మై ఫాదర్ సోల్డ్ టూ గోట్స్ లాస్ట్ మంత్ – మా నాన్న పోయిన నెల రెండు మేకలు అమ్మాడు.

వరుసగా జరిగిన పనులకు: ఐ వోక్ అప్ ఎట్ ఫైవ్, స్టుడ్ ఇన్ ది లైన్, టుక్ బాత్ అండ్ వెంట్ టు ది స్టడీ అవర్. కథలన్నీ ఇలాగే నడుస్తాయి.

ఒకప్పటి అలవాటుకు: వి వాక్ట్ టు స్కూల్ ఎవ్రీ డే – రోజూ బడికి నడిచి వెళ్లేవాళ్లం. తెలుగులో 'వెళ్లేవాళ్లం' అని వేరే రూపం ఉంది. ఇంగ్లీషులో సింపుల్ పాస్టే చాలు. 'వి యూజ్డ్ టు వాక్' అని కూడా అనవచ్చు.

ఒకప్పటి స్థితికి: వి లివ్డ్ ఇన్ ఎ హట్ – మేం గుడిసెలో ఉండేవాళ్లం.

9. ఒక జీవితం, పది క్రియలు

ప్రతి ఏప్రిల్ 14న మనం హాస్టల్లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఫొటోకు దండ వేస్తాం. ఈసారి ఆ సభలో ఎవరైనా ఇంగ్లీషులో మాట్లాడాలి. అందుకు కావలసిందంతా సింపుల్ పాస్టే. చదవండి.

డాక్టర్ అంబేద్కర్ వాజ్ బార్న్ ఎట్ మౌ ఆన్ 14 ఏప్రిల్ 1891. హి వెంట్ టు అమెరికా ఇన్ 1913. హి స్టడీడ్ ఎట్ కొలంబియా యూనివర్సిటీ. దెన్ హి వెంట్ టు లండన్. హిజ్ స్కాలర్‌షిప్ ఎండిడ్ అండ్ హి కేమ్ బ్యాక్ టు ఇండియా ఇన్ 1917. బట్ హి డిడ్ నాట్ గివ్ అప్. హి వెంట్ టు లండన్ అగైన్ ఇన్ 1920 అండ్ ఫినిష్ట్ హిజ్ స్టడీస్. హి లెడ్ ది మహద్ సత్యాగ్రహ ఇన్ 1927. హి బికేమ్ ది చైర్మన్ ఆఫ్ ది డ్రాఫ్టింగ్ కమిటీ ఇన్ 1947. హి డైడ్ ఆన్ 6 డిసెంబర్ 1956.

ఇందులో 'బట్ హి డిడ్ నాట్ గివ్ అప్' అన్న వాక్యం కింద గీత గీయండి. స్కాలర్‌షిప్ గడువు తీరి చదువు మధ్యలో ఆగినా ఆయన వదల్లేదు అని అర్థం. వ్యాకరణానికి కూడా అది మంచి ఉదాహరణే. 'డిడ్ నాట్ గేవ్' కాదు, 'డిడ్ నాట్ గివ్'.

ఆయన తన చిన్ననాటి సంగతులను 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అనే చిన్న రచనలో ఇంగ్లీషులో రాసుకున్నారు. 1901లో ఇంటి పిల్లలతో కలిసి తండ్రి పనిచేసే ఊరికి ప్రయాణమై, మసూరు స్టేషన్లో దిగి, కులం తెలియగానే బండివాళ్లు ఎక్కించుకోకపోవడం, రాత్రంతా తాగడానికి నీళ్లు దొరకకపోవడం అందులో ఉంది. ఆయన ఆ బాధను గట్టిగా అరిచి చెప్పలేదు. మేం వెళ్లాం, అడిగాం, వాళ్లు ఒప్పుకోలేదు అంటూ జరిగింది జరిగినట్టు చెప్పుకుంటూ పోయారు. అందుకే దాన్ని దేశదేశాలవాళ్లు చదివి అర్థం చేసుకున్నారు. మన మీద జరిగినదాన్ని మన నోటితో, మనకు తెలియని మనిషికి కూడా తెలిసేలా చెప్పగలగడం చిన్న విషయం కాదు. దానికి పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. వి-2 సరిగ్గా వస్తే చాలు.

10. సాధన

రాత్రి స్టడీ అవర్ అయ్యాక పది నిమిషాలు తీయండి. ఆ రోజు గురించి ఐదు వాక్యాలు రాయండి. చేసిన పనులు మూడు, చేయని పని ఒకటి, పక్క మంచం మిత్రుణ్ని అడిగే ప్రశ్న ఒకటి. మచ్చుకు:

ఐ రోట్ ఎ లెటర్ టు మై మదర్.
ఐ వాష్ట్ మై క్లోత్స్.
వి ప్లేడ్ కబడ్డీ.
ఐ డిడ్ నాట్ డూ మై హోమ్‌వర్క్.
డిడ్ యూ ఫినిష్ యువర్ మ్యాథ్స్?

నాలుగో వాక్యంలో 'డిడ్' ఉన్నా మళ్లీ 'డూ' వచ్చిందేమిటని కంగారు పడకండి. మొదటిది కాలాన్ని మోసేది, రెండోది 'చేయడం' అనే అసలు క్రియ.

ఇప్పుడు ఈ ఐదు తప్పులు దిద్దండి. జవాబులు కింద ఉన్నాయి, ముందే చూడొద్దు!

1. ఐ డిడ్ నాట్ సా హిమ్.
2. మై సిస్టర్ హావ్ కమ్ ఎస్టర్‌డే.
3. డిడ్ యూ వెంట్ టు ది లైబ్రరీ?
4. వి వాజ్ ఇన్ ది గ్రౌండ్.
5. హి వాజ్ ఫెల్ డౌన్.

జవాబులు: 1. ఐ డిడ్ నాట్ సీ హిమ్. 2. మై సిస్టర్ కేమ్ ఎస్టర్‌డే. 3. డిడ్ యూ గో టు ది లైబ్రరీ? 4. వి వర్ ఇన్ ది గ్రౌండ్. 5. హి ఫెల్ డౌన్.

చివరి వాక్యం మా నాన్న గురించే. పడిపోయాడు. ఆ రోజు నాకు రాని వాక్యం అది. ఈ రోజు మీకు వచ్చింది.

తప్పు మాట్లాడితే నవ్వుతారని నోరు మూసుకోవద్దు. నవ్వేవాళ్లు ఒక నిమిషం నవ్వుతారు. అవసరంలో మాట రాకపోతే కలిగే బాధ చాలా కాలం ఉంటుంది. ఈ రాత్రే ఐదు వాక్యాలు రాసి, పక్కవాడికి గట్టిగా చదివి వినిపించండి. వచ్చే వార్షికోత్సవానికి నేను వచ్చినప్పుడు 'వాట్ డిడ్ యూ డూ లాస్ట్ ఇయర్?' అని మిమ్మల్ని అడుగుతాను. జవాబు మీ సొంత మాటల్లో వినాలని నా కోరిక.

అందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,

మీ హాస్టల్ పూర్వ విద్యార్థి,
ఇంగ్లీషు ఉపాధ్యాయుడు